కాలువలు కట్టేసిన నెల

మే 10, రాత్రి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో

టిక్కెట్లు తీసుకున్న రోజే పెద్దనాన్న ఫోన్లో చెప్పారు. "రండమ్మా, తప్పకుండా రండి. కానీ కాలువలో నీళ్ళుండవు, ఏప్రిల్లోనే కట్టేశారు. పిల్లలకి ముందే చెప్పి మరీ తీసుకురా." చెప్పాను. చిన్నది అంతటితో ఊరుకోలేదు. కాలువని ఎవరు కట్టేస్తారు, కట్టేస్తే నీళ్ళు ఎక్కడుంటాయి, మళ్ళీ ఎప్పుడు వదులుతారు అని కాజీపేట దాటేదాకా అడుగుతూనే ఉంది. మంచి ప్రశ్నలు. ధవళేశ్వరంలో వాటికి జవాబు చెప్పే మనిషే ఉన్నారు, పెద్దతాతయ్యని అడుగుదువుగానిలే అని పడుకోబెట్టాను.

అమ్మకి కింది బెర్తు దొరికింది. పులిహోర పొట్లాలు విప్పుతూ అమ్మమ్మ పెళ్ళి సంగతి ఎత్తుకుంది. మగపెళ్ళివారు పడవలో వచ్చారట. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టెక్కి తాడు భుజానేసుకుని లాగేవాళ్ళు. పడవలోనే పొయ్యి, పడవలోనే వంట. లాకు దగ్గర ఆగినప్పుడల్లా పిల్లలు దిగి గట్టు మీద ఆడుకునేవాళ్ళు. "ఇప్పుడు ఒక్క రాత్రిలో హైదరాబాదు నుంచి దిగిపోతున్నాం. అప్పుడు ఊరి నుంచి ఊరికే ఒక రోజు" అంది అమ్మ. పెద్దాడు పై బెర్తు మీంచి తల వంచి వింటున్నాడు.

మే 11, తెల్లవారుజామున

ఏలూరు ఎప్పుడు పోయిందో తెలియలేదు. గోదావరి నుంచి వచ్చే కాలువా కృష్ణ నుంచి వచ్చే కాలువా కలిసే ఊరు అది. ఒకప్పుడు కాకినాడలో పడవెక్కితే ఏలూరు మీదుగా బెజవాడ చేరి, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు వరకూ వెళ్ళగలిగేవాళ్ళు. ఆ దారినే 2008లో జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. మేము మాత్రం నిద్రపోతూ దాటేశాం.

నిడదవోలు దగ్గర తెల్లారింది. పడమటి డెల్టా కాలువ అడుగున మడుగులు, వాటి చుట్టూ కొంగలు. కోసేసిన దాళ్వా చేలలో గడ్డివాములు.

మే 11, ఉదయం. వంతెన మీద

కొవ్వూరు దాటగానే పెట్టెలో అందరూ లేచి కూర్చున్నారు. అమ్మ కొంగుముడి విప్పి చిల్లర తీసింది. కుడివైపూ ఎడమవైపూ చేతులు కిటికీ ఊచల్లోంచి బయటికొచ్చాయి. మేం వెళ్ళింది 1997లో మొదలైన ఆర్చి వంతెన మీద. పక్కన హేవ్‌లాక్ వంతెన ఖాళీగా నిలబడి ఉంది. 1900లో రైళ్ళు ఎక్కిన ఆ వంతెనకి కొత్తది రాగానే విశ్రాంతి ఇచ్చారు. ఇంకో పక్కన 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన. 1900కి ముందు రైలు కొవ్వూరులో ఆగిపోతే జనం రేవు దాటి రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కేవారు.

మే నెలలో కూడా వంతెన కింద నీళ్ళున్నాయి. మధ్యలో ఇసుక మేటలు లేచినా గోదావరి గోదావరిలాగే ఉంది. కాలువలు ఎండిపోయాయన్నారు కదా, ఇక్కడ నీళ్ళున్నాయే అని పెద్దాడు అడిగాడు. దిగువన ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఆపి ఉంచిన నీళ్ళివి అని వాళ్ళ నాన్న చెప్పారు.

మే 11, సాయంత్రం. ధవళేశ్వరం

పెద్దనాన్న ఇల్లు కాలువ గట్టుకి రెండు వీధుల అవతల. ఆయన లాకుల మీద తలుపులు చూసుకునే లస్కరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగామో లేదో, చిన్నది ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

ఆయన చెప్పింది ఇది. డెల్టాలో రెండు పంటలు. సార్వా, దాళ్వా. సార్వాకి జూన్‌లో నీళ్ళు వదులుతారు. దాళ్వాకి ఏట్లో నీళ్ళు చాలవు, సీలేరులో కరెంటు తీశాక వచ్చే నీళ్ళు కూడా కలుపుకుని గట్టెక్కుతారు. ఏప్రిల్లో పంట చేతికొచ్చాక తలుపులు దించి కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులన్నీ నింపుతారు. ఆ నీళ్ళే మళ్ళీ జూన్ వరకూ తాగాలి. కాలువ ఎండిన ఆ కొద్ది వారాల్లోనే పూడిక తియ్యాలి, గట్లు పొయ్యాలి, తలుపులు బాగు చెయ్యాలి.

"అంటే కాలువకి వేసవి సెలవులా?" అంది చిన్నది.

"కాలువకి సెలవులే అమ్మడూ. కాలువ మనుషులకి మాత్రం అసలు పని ఇప్పుడే" అన్నారు పెద్దనాన్న.

మే 12, పొద్దున్నే. లాకుల దగ్గర

ఎండ రాకముందే వెళ్ళాలని ఐదున్నరకే లేపారు. ఒకవైపు గోదావరి నీళ్ళు, ఇంకోవైపు తూర్పు కాలువ అడుగు కనిపిస్తూ ఉంది. మధ్యలో లాకు.

నిండు కాలువలో లాకు అంటే గట్టు మీద రెండు జతల తలుపులు, వాటి మీద నడిచే చెక్క, అంతే కనిపిస్తుంది. ఎండినప్పుడు పూర్తిగా కనిపిస్తుంది. చెక్కిన రాళ్ళతో కట్టిన లోతైన గది, రెండు కొసల్లో రెండేసి తలుపులు. గోడల మీద నీళ్ళు నిలిచిన ఎత్తుల్లో వరసగా చారలు. కింది చారల్లో నత్తగుల్లలు ఎండి అతుక్కుని ఉన్నాయి. గట్టు అంచున రాళ్ళలో వేలు పట్టేంత గాడులున్నాయి. పెద్దనాన్న చిన్నదాని చెయ్యి పట్టుకుని ఒక గాడిలో పెట్టించారు. పడవల తాళ్ళు ఒరుసుకుని పడ్డ గాడులట. రాయి అక్కడ నున్నగా ఉంది. తాడు రాతిని కోసిందంటే ఆ దారిన ఎన్ని పడవలు వెళ్ళి ఉండాలి!

లాకు ఎలా పనిచేస్తుందో రెండు అరచేతులు కలిపి చూపించారు. వేళ్ళ కొసలు ఆనించి, మధ్యలో కొద్దిగా ముందుకి పొడుచుకొచ్చేలా ఏటివైపు చేతులు తిప్పారు. "తలుపులు సాపుగా మూసుకోవు. ఇలా నీళ్ళకి ఎదురు తిరిగి ఉంటాయి. పై నీళ్ళు తోసేకొద్దీ రెండు రెక్కలూ ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి. గడియ అక్కర్లేదు. నీళ్ళ బలమే గడియ."

కాలువలోంచి వచ్చిన పడవ గదిలోకి దూరగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లో అడుగున ఉండే చిన్న తూములు ఎత్తితే ఏటి నీళ్ళు లోపలికొస్తాయి. నీళ్ళతో పాటు పడవ లేస్తుంది. లోపలా బయటా మట్టం ఒకటయ్యాకే ముందు తలుపులు కదులుతాయి. అంతకుముందు ఎంతమంది తోసినా కదలవు. దిగే పడవకి ఇదే వరస తిరగేసి. ఇంజను లేదు, కరెంటు లేదు. మనిషికి కావలసిందల్లా ఓపిక.

పెద్దాడు లోపలికి దిగుతానన్నాడు. "అడుగున బురద మోకాలి దాకా దిగుతుంది, వద్దు" అన్నారు. కాలువ మడుగులో ఇద్దరు పిల్లలు చేతులతో మట్టగిడసల్ని పడుతున్నారు. పులస ఉంటుందా అని అడిగాడు వీడు. వాళ్ళు పడీ పడీ నవ్వారు. పులస వరద నీళ్ళకి ఎదురెక్కుతూ సముద్రంలోంచి వస్తుంది, ఇప్పుడెక్కడిదీ అని గట్టు మీదున్న తాత ఒకాయన చెప్పాడు.

మే 12, మధ్యాహ్నం

బయట అడుగు పెట్టే పని లేదు. పెద్దమ్మ ఆవకాయ పెడుతోంది. కాయ కొట్టడానికి మనిషి కత్తిపీట తెచ్చుకుని వచ్చాడు. ముక్కకి టెంక రాకపోతే పెద్దమ్మ పక్కకి తీసేస్తోంది. "అక్కయ్యా, ఉప్పు కొంచెం తగ్గించు, పిల్లలు తింటారు" అని అమ్మ అంటే "తగ్గిస్తే ఏడాది నిలవుండదే" అంది. ఏడాదికి ఇంత పని, మళ్ళీ వేసవి దాకా చూసుకోనక్కర్లేదు. ఈ ఇంట్లో అన్నీ వేసవిలోనే సర్దుకుంటారు.

మే 13. కాటన్ మ్యూజియం

లోపల ఆనకట్ట నమూనాలు, పాత యంత్రాలు. పిల్లలు పన్నెండువేల అడుగుల ఆనకట్టని అరచేతంత నమూనాలో చూసి, నిన్నటి లాకుని అందులో వెతికారు.

ఈ ఊరికి కాలువలు రాకముందు సంగతి గోదావరి జిల్లా లెక్కల్లో ఉంది. 1821లో జిల్లా జనాభా 7.38 లక్షలు. 1841 నాటికి 5.61 లక్షలు. నందన కరువు, తుఫానులు, వలసలు. పక్కనే గోదావరి నిండుగా పారుతుండగా జనం తిండిలేక పోయారు. ఆ నీళ్ళని చేలకి ఎక్కించాలని ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. 1847లో పని మొదలైంది, 1852కి పూర్తయింది. నది ఇక్కడ లంకల మధ్య నాలుగు పాయలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగింటికీ అడ్డంగా కట్టారు.

ఇసుక మీద పునాది నిలబెట్టడం అతను తమిళనాడులో కావేరి మీదున్న పురాతన కల్లణై చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతి దాచుకోలేదు, రాసుకున్నాడు. పేరు తెలియని మన మేస్త్రీలు వందల ఏళ్ళ క్రితం కనిపెట్టిన విద్య కావేరి నుంచి గోదావరికి అలా వచ్చింది.

ఇక్కడి ఇంజనీర్లలో వీణెం వీరన్న పేరు తలవాలి. కూలీలని సమకూర్చి, దగ్గరుండి పని నడిపించిన తెలుగువాడు. రాయ్ బహదూర్ బిరుదు అందుకున్నాడు. ఆయన పేరైనా మిగిలింది. వేలమంది ఒడ్డెర్లు, బెస్తలు, వడ్రంగులు, కమ్మర్లు, రాళ్ళు మోసిన ఆడకూలీలు ఏ ఫలకం మీదా లేరు.

పెద్దాడికి నచ్చింది వేరే. ఆనకట్ట రాళ్ళని ధవళేశ్వరం కొండ నుంచి ఏటి ఒడ్డుకి చేర్చడానికి పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకి తొలి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంతకంటే ముందే ఈ ఊళ్ళో రాళ్ళ బళ్ళు పట్టాల మీద దొర్లాయి. "అయితే కాలువలకంటే రైలే ముందొచ్చిందా ఇక్కడికి!" అని ఆ మాటనే రోజంతా అందరికీ చెబుతున్నాడు.

మే 14. బొబ్బర్లంక, ఆత్రేయపురం

ఆటో మాట్లాడుకుని బ్యారేజి మీద వెళ్ళాం. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఈ బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. మొత్తం 175 గేట్లు. ధవళేశ్వరం పాయకి 70, ర్యాలికి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర పోట్లాడుకున్నారు. తూర్పు కాలువ ధవళేశ్వరంలో, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంకలో, పడమటి కాలువ విజ్జేశ్వరంలో మొదలవుతాయి. మూడూ కలిసి పది లక్షల ఎకరాలకి నీళ్ళిస్తాయి.

ఆత్రేయపురంలో ఒక ఇంటి వసారాలో పూతరేకులు తీస్తున్నారు. కుండ బోర్లించి ఉంది, కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి గుడ్డని బియ్యప్పిండి జావలో ముంచి కుండ మీదుగా ఒక్కసారి పరిచి లాగింది. గుడ్డ వెనకే తెల్లటి రేకు. అంచు చిటికెతో పట్టి లేపితే చిరగకుండా వచ్చేసింది. మంట తగ్గితే రేకు లేవదు, పెరిగితే మాడుతుంది. ఆవిడ కుండ వంక కాక మంట వంకే చూస్తోంది. చిన్నది ఒక రేకు తీస్తానంది. "రా తల్లీ, కూర్చో" అని చెయ్యి పట్టుకుని తీయించింది. మూలలు చిరిగాయి. అయినా ఆ రేకునే నెయ్యీ బెల్లప్పొడీ చల్లి మడిచి దానికే ఇచ్చింది.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎన్నేళ్ళుగా తీస్తున్నారమ్మా అంటే, మా అత్తగారి దగ్గర నేర్చుకున్నానండి అంది. పొద్దుట్నించీ పొయ్యి ముందు, అదీ మే నెలలో. ఆవిడ ముంజేతుల మీద వేడికి కందిన మచ్చలున్నాయి. ఈ మిఠాయికి ధర చెప్పినప్పుడు ఎవరూ బేరమాడకూడదు.

మే 15. కాటన్ జయంతి

కాటన్ పుట్టింది 1803 మే 15న. రైతులు, ఇరిగేషన్ వాళ్ళు, స్కూలు పిల్లలు విగ్రహానికి దండలు వేశారు. ఒకాయన రైతు కండువా తీసి చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టాడు. ఈ ప్రాంతంలో పితృదేవతలతో పాటు కాటన్‌కి కూడా తర్పణం వదిలేవాళ్ళున్నారు. తెల్లదొరకి తర్పణమేమిటని పెద్దాడు అడిగితే పెద్దనాన్న, "అన్నం పెట్టినవాడికి వదులుతారురా" అన్నారు.

ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఆనకట్టకి దయతో ఖర్చు పెట్టలేదు. పంట పెరిగితే శిస్తు పెరుగుతుందని లెక్క కట్టుకునే ఒప్పుకున్నారు, శిస్తు పెరిగింది కూడా. కాటన్ మాత్రం చివరిదాకా నీళ్ళ పక్షానే నిలబడ్డాడు. 1878లో ఇంగ్లండ్ పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే వాదించాడు. రైళ్ళకంటే కాలువలు చవక, సరుకు మోస్తాయి, చేలు తడుపుతాయి, రైలు ఆ చివరిది చెయ్యలేదు అన్నాడు. ప్రభుత్వం రైళ్ళవైపే మొగ్గింది. 1890ల్లో బెజవాడ నుంచి ఉత్తరానికి రైలు మార్గం పడింది, 1900లో గోదావరి మీద వంతెన కలిసింది. దూరప్రయాణం పట్టాలకి మారింది. పడవలు చాలా ఏళ్ళు ధాన్యం, కొబ్బరి, కలప మోశాయి, తర్వాత లారీలు వాటినీ తీసుకున్నాయి.

రైలు మీద నాకు కోపం లేదు. రైలే లేకపోతే అమ్మని ఈ వయసులో ఇంత దూరం తీసుకురాలేను. కానీ పడవలు పోయినప్పుడు కాలువ మీద ఉండే కళ్ళు కూడా పోయాయి. పడవవాడికి కాలువ శుభ్రంగా ఉండాలి, లోతుండాలి, గట్టు గట్టిగా ఉండాలి. కాలువ ఎక్కడ పూడినా ముందు తెలిసేది అతనికే. ఇప్పుడు గట్టు మీద ఇల్లున్నవాళ్ళు కూడా కాలువకి పెరడు తిప్పి కట్టుకుంటున్నారు.

మే 16. ఉదయం

ఊరి దిగువన పొక్లెయిన్ పూడిక తీస్తోంది. తొట్టె పైకి లేచినప్పుడల్లా నల్లటి బురదతో పాటు సంచులు, సీసాలు, కొబ్బరిబొండాలు, చిరిగిన పరుపు, దేవుడి పటాల చెక్కలు. గట్టు మీద ఎండబెట్టిన గుర్రపుడెక్క గుట్టలు. పైన ఒక గొట్టం లోంచి ఇళ్ళ మురుగు నేరుగా కాలువలోకి కారుతోంది. దిగువ ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నిండేది ఈ కాలువ నుంచే.

పెద్దనాన్న గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. "మా రోజుల్లో పూడికంటే మట్టే. దాన్ని రైతులు బళ్ళు కట్టుకుని వచ్చి చేలకి తోలుకునేవారు. ఈ మట్టి ఎవడికి కావాలి?" అన్నారు. ఆయన గొంతులో అంత బాధ నేను ఎప్పుడూ వినలేదు.

శివారు రైతుల మాట కూడా చెప్పారు. కాలువ తల దగ్గర ఒక అడుగు పూడిక మిగిలిపోతే ఆ లోటు సముద్రం దగ్గరి చేలల్లో కనిపిస్తుంది. తలలో ఉన్నవాడికి నీళ్ళు అందుతూనే ఉంటాయి, అందుకే తెలియదు. చివర ఉన్నవాడు వంతు కోసం రాత్రుళ్ళు గట్టు మీద కాపు కాస్తాడు.

మే 16. సాయంత్రం

లాకు తలుపులకి గ్రీజు పెట్టే కుర్రాళ్ళు వచ్చారు. పెద్దనాన్న వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నారు. తలుపు అంచున ఉండే రబ్బరు సీలు ఎక్కడ ముందు అరుగుతుందో వేలితో చూపించారు. ఒక కుర్రాడు "బాబాయ్, ఇదేనా?" అని అక్కడ మళ్ళీ తడిమి చూసుకున్నాడు. ఆ పని ఏ పుస్తకంలోనూ లేదు. చెయ్యి నుంచి చేతికి వెళ్ళాలి. లస్కర్ల పోస్టులు ఖాళీ అయిన చోట మనుషులని వేయకపోతే ఆ వరస తెగిపోతుంది.

మే 17. తిరుగు రైలు

పచ్చడి జాడీ, మామిడిపళ్ళ బుట్ట, పూతరేకుల అట్టపెట్టెలు. రాజమండ్రి స్టేషన్లో పెద్దమ్మ చిన్నదాని తలనిండా మల్లెపూలు పెట్టింది. "జూన్‌లో నీళ్ళొస్తాయి, అప్పుడొస్తే నిండు కాలువ చూద్దురుగాని" అంది. అప్పుడు స్కూళ్ళుంటాయి. దసరాకి వస్తామన్నాను.

ఈ సెలవుల్లో డెల్టాకి వెళ్ళేవాళ్ళు పిల్లల్ని ఒక పొద్దున కట్టేసిన కాలువ దగ్గరకి తీసుకెళ్ళండి. లాకు లోపలి గది చూపించండి, తలుపుల కోణం చూపించండి, తాళ్ళు కోసిన రాళ్ళని తాకనివ్వండి. పొక్లెయిన్ తొట్టెలో ఏమొస్తోందో కూడా చూడనివ్వండి. జూన్‌లో నీళ్ళు వదిలేలోగా కాలువకి జరగాల్సిన పని చాలా ఉంది, డబ్బు కొంచెమే ఉంటుంది. మన సంచులు, సీసాలు ఎత్తడానికి పోయే ప్రతి గంటా తలుపులకీ తూములకీ గట్లకీ దక్కాల్సిన గంట. ఊళ్ళో చెత్త కాలువలో పడకుండా చూసుకుంటే చాలు, ఆ మేరకు నీళ్ళు శివారు చేను దాకా వెళ్తాయి. రైలు నిడదవోలు దాటుతుండగా పిల్లలిద్దరికీ ఈ సంగతే చెప్పాను. దసరాకి వచ్చినప్పుడు గట్టు మీద ఏం చెయ్యాలో వాళ్ళే జాబితా రాసుకుంటున్నారు. మొదటిది, ఆ మురుగు గొట్టం గురించి పంచాయతీకి అర్జీ.